ఎడమ చిటికెన వేలు

నేను క్రిమినాలజీలో చేరానని తెలియగానే మా వీధిలో నన్ను మొట్టమొదట అడిగిన ప్రశ్న, అక్కడ దొంగల్ని పట్టుకోవడం నేర్పుతారా, దొంగతనం చేయడం నేర్పుతారా అని. అడిగినాయన మా చర్చి పెద్ద. నవ్వుతూనే అడిగాడు గానీ జవాబు కోసం నిజంగానే ఆగాడు. నాకు ఒళ్లు మండింది. మొదటి ఏడు ఒకటి, రెండో ఏడు ఇంకొకటి నేర్పుతారండీ అన్నాను. ఆ ఆదివారం ఆయన పేరు చెప్పకుండా, దారి తప్పుతున్న యౌవనస్తుల కోసం కాస్త ఎక్కువసేపే ప్రార్థన చేశాడు. అమ్మ కళ్లు మూసుకునే నన్ను మోచేత్తో పొడిచింది.

తొంభైల చివరి మాట ఇది. నాన్న లేడు. అమ్మ పలాసలో ఒక జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టేది. టెక్కలిలో డిగ్రీ చదివాను, ఆ తర్వాత ఇంగ్లీషు ఎమ్మే చేద్దామనుకుంటే సీటు రాలేదు. దరఖాస్తు ఫారంలో రెండో గడి ఖాళీగా ఉండకూడదని క్రిమినాలజీ అని రాశాను. న్యాయం మీద ప్రేమతో చేరానని తర్వాత ఇంటర్వ్యూల్లో చాలాసార్లు చెప్పాను, అది అబద్ధం.

చాలా దూరంలో ఉన్న యూనివర్సిటీ. క్లాసులో పదకొండు మందిమి. మొదటిరోజు ప్రొఫెసర్ గారు, ఈ చదువు చదివితే మీరేమవుతారో తెలుసా అని అడిగి, ఆయనే బోర్డు మీద రాశారు. పోలీసు, జైలు అధికారి, ప్రొబేషన్ అధికారి, బాల నేరస్తుల హోములో కౌన్సిలరు, వేలిముద్రల నిపుణుడు, ఇన్సూరెన్సు కంపెనీకి దర్యాప్తు మనిషి. మేము ఆశగా రాసుకున్నాం. మాలో ఒకడు నిజంగానే ఎస్సై అయ్యాడు. ఒకమ్మాయి జైలు ఉద్యోగంలో చేరి, రెండు నెలలకే మానేసి, బడిలో పాఠాలు చెప్పుకుంటోంది. అందరికంటే తెలివైనవాడు కోర్టు ఎదురుగా జిరాక్సు షాపు పెట్టుకున్నాడు. మీ అందరికంటే ఎక్కువ మంది నేరస్తుల్ని రోజూ చూసేది నేనే అంటాడు.

నాకు మాత్రం వేలిముద్రల పాఠం పట్టుకుంది. తల్లి కడుపులో ఉండగానే వేళ్ల మీద ఆ గీతలు పడిపోతాయట. మనిషి పెరిగినా ముసలైనా మారవు. ఊపిరి పోయాక కూడా చర్మం ఉన్నన్నాళ్లు ఉంటాయి. ఈ లోకంలో ఏ ఇద్దరికీ ఒకేలా ఉండవు. ఈ ఆఖరి మాట చెప్పేటప్పుడు ప్రొఫెసర్ గారు గొంతు తగ్గించేవారు. చిన్నప్పటి నుంచీ చర్చిలో విన్న మాటలన్నిటికంటే నేను దాన్నే గట్టిగా నమ్మానంటే అమ్మ బాధపడేది గానీ, నిజం అదే.

ఆ ఏడు క్రిస్మస్ సెలవులకి మాకు ఒక పని అప్పజెప్పారు. ఒకే వృత్తిలో ఉన్న పదిమంది వేలిముద్రలు, ఒక్కొక్కరివి పది వేళ్లూ, కాగితం మీద తీసుకురావాలి. మిగతావాళ్లు టైలర్లనీ డ్రైవర్లనీ ఎంచుకున్నారు. నాకు వెతుక్కునే పనే లేదు కదా అనుకున్నాను. సిరా డబ్బా, గాజు పలక, రోలరు, కాగితాల కట్ట సంచిలో వేసుకుని పొద్దున్నే అమ్మతో పాటు ఫ్యాక్టరీకి వెళ్లాను.

బట్టీలో వేయించిన పిక్కల పొగ షెడ్డులోకి వస్తూ ఉంది. ఆడవాళ్లు వరసగా పీటల మీద కూర్చుని, పిక్కని రాతి మీద నిలబెట్టి చిన్న కర్రముక్కతో కొడుతున్నారు. పెంకులోంచి నల్లటి జీడినూనె కారుతుంది. అది తగిలితే చర్మం కాలుతుంది. అందుకే ప్రతి మనిషి పక్కనా ఒక చిప్పలో బూడిద ఉంటుంది, వేళ్లు అందులో అద్దుకుంటూ కొట్టాలి. నేను పుట్టినప్పటి నుంచీ చూస్తున్న వేళ్లే అవి. నల్లగా, గట్టిగా, పొట్టు లేస్తూ ఉంటాయి. ఏ రోజూ దగ్గరగా పెట్టుకుని చూడలేదు.

మొదటి ఆవిడ చేయి పట్టుకుని సిరా పూసి, కాగితం మీద దొర్లించాను. నల్లటి మచ్చ పడింది. సిరా ఎక్కువైందనుకుని తుడిచి మళ్లీ వేశాను. మళ్లీ మచ్చే. రెండో ఆవిడకీ అంతే. మూడో ఆవిడ చేతులు సబ్బుతో కడిగించాను, అయినా అంతే. పది వేళ్లకి పది మచ్చలు, ఒక్క గీత లేదు. అయిదో మనిషి దగ్గరకొచ్చేసరికి కర్రల చప్పుడు ఒక్కొక్కటే ఆగిపోయింది. అందరూ లేచొచ్చి కాగితాల మీదకి వంగారు. ఎవరి కాగితం వాళ్లు తీసుకుని, వెలుతురుకి అటూ ఇటూ తిప్పి, తమని తాము వెతుక్కున్నారు.

"నాది పడనేదేటే?" అంది ఒకావిడ.

"ఎవులిదీ పడనేదు" అన్నాను. నాకూ ఆ యాసే వచ్చేసింది.

అక్కడున్న వాళ్లలో పెద్దావిడ చాలాసేపు తన అరచేతులు చూసుకుంది. "అంటే రేపు నేనే నేనని ఎవులికీ తెలీదేటి, పాపా?"

ఒకావిడ, "అయితే ఇంకేటి, పదండర్రా, బ్యాంకుకి కన్నం ఏద్దాం, ఎలాగూ దొరకం" అనేసరికి అందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. సూపర్వైజరు అరవడంతో కర్రల చప్పుడు మళ్లీ మొదలైంది.

ఆ రోజు వరసలో అమ్మ పక్క పీట ఖాళీగా ఉంది. అది అత్తది. అత్త అంటే మేనత్త కాదు. పదేళ్లుగా అమ్మ పక్కన కూర్చుని పిక్కలు కొట్టే మనిషి, అమ్మకి వరస కలుపుకున్న ఒదిన. ఉద్దానంలో సముద్రం పక్క ఊరు ఆవిడ పుట్టిల్లు. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. అయినా మానకుండా ఇంత బొట్టు పెట్టుకుని క్రిస్మస్‌కి మా ఇంటికొచ్చి అమ్మతో సమానంగా అరిసెలు వండేది, ప్రసంగం మొదలవగానే గోడకి ఆనుకుని నిద్రపోయేది. ఆ రోజు అన్నగారింటికి వెళ్లింది, మర్నాటికి వచ్చేస్తానని చెప్పి.

సాయంత్రం ఇంటికొచ్చి ఆఖరి కాగితం మీద అమ్మ వేళ్లు వేశాను. పదీ మచ్చలే. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "నీ వేళ్లు కూడా అంతే. అన్నీ సున్నా కాగితాలే. నాకు సున్నాయే ఇస్తారు పో" అని కాగితం విసిరేశాను. అమ్మ ఆ కాగితం తీసి మడత సవరించింది.

మర్నాడు పాటల ప్రాక్టీసుకి చర్చికి వెళ్లి వచ్చేసరికి అమ్మ ఇంకో కాగితం చేతిలో పెట్టింది. తొమ్మిది మచ్చలు, ఎడమ చిటికెన వేలి గడిలో మాత్రం శుభ్రంగా, గీత గీతా లెక్కపెట్టుకునేలా ఒక ముద్ర. "బూడిదేసి తోమినాను. నువ్వు సేసినట్టే నేను సేసినాను, సూడు" అంది. నేను ఎగిరి గంతేసి అమ్మని ముద్దుపెట్టుకున్నాను. నేరాల చదువు చదివే మనిషిని, ఇంకోసారి వేసి చూపించు అని అడగాలని కూడా తోచలేదు.

ప్రొఫెసర్ గారు ఆ పది కాగితాలూ చూసి, నీకు రోలరు పట్టుకోవడం రాదమ్మా అన్నారు. జీడినూనె గురించి చెప్పాను, నమ్మలేదు. అమ్మ కాగితం దగ్గర మాత్రం ఆగి, "ఇదిగో, ఇలా వేయాలి" అన్నారు. వేసింది మా అమ్మ అని నేను చెప్పలేదు.

ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టుకున్నాను. గీతలు లెక్కపెట్టడం నేను నేర్చుకున్నది దాని మీదే. లూపు ముద్ర, అంటే గీతలు మలుపు తిరిగి వచ్చిన వైపే వెళ్లిపోయే రకం. మధ్య నుంచి అంచు దాకా పదకొండు గీతలు. దాని కింద ఏటవాలుగా ఒక పాత గాటు. గాటు పక్కన చిన్న దీవుల్లాంటి రెండు తునకలు. హాస్టల్లో ఇంటి మీద బెంగ పుట్టినప్పుడల్లా భూతద్దం పెట్టి చూసుకునేదాన్ని. అంత నూనెలోనూ మా అమ్మది ఒక్క వేలు మిగిలిందని ధైర్యంగా ఉండేది.

చదువయ్యాక ఒక వేలిముద్రల విభాగంలో కాంట్రాక్టు ఉద్యోగం దొరికింది. చేరిన కొన్నాళ్లకి ఇంటికి వెళితే అమ్మ మొహం వాడిపోయి ఉంది.

"ఒదిన ఎల్లిపోనాది."

"ఎక్కడికి?"

"అన్న ఇంటికి. ఇంకెక్కడికెల్తాది. మాటా మాటా అనుకున్నాం."

ఏ మాటో ఎంత అడిగినా చెప్పలేదు. ఫ్యాక్టరీలో ఆ పీట మీద ఎవరూ కూర్చోకుండా అమ్మ తన బూడిద చిప్ప దాని మీద పెడుతోందని మిగతావాళ్లు చెప్పారు. కొబ్బరికాయల లారీ మీద ఉద్దానం వెళ్లే ప్రతివాడితోనూ, మా ఒదినని వచ్చేయమన్నానని సెప్పు అని కబురు పంపేది. ఏ కబురుకీ జవాబు లేదు. పంతం అనుకుంది అమ్మ. కబురు పంపినంత మాత్రాన అందుతుందని నమ్మకం ఏముంది అని నేనన్నా వినలేదు.

"నువ్వు పోలీసోళ్ల దగ్గిరే కదా పని సేత్తన్నావు. దాన్నొకపాలి ఎతికి పెట్టవే" అంది నేను బయల్దేరేటప్పుడు.

"అన్న ఇంట్లో కూర్చున్న మనిషిని వెతకడానికి డిపార్ట్‌మెంట్ ఎందుకమ్మా? బస్సెక్కితే చాలు" అని నవ్వాను.

బస్సు అమ్మా ఎక్కలేదు, నేనూ ఎక్కలేదు. అమ్మకి మొహమాటం, నాకు బద్ధకం. ఆ తర్వాత ఫోన్ చేసినప్పుడల్లా ఆఖర్న అదే మాట, ఎతికినావేటి అని. ఎదురింటి కొట్టువాళ్ల ఫోన్‌లో మాట్లాడేది కాబట్టి మిగతా సంగతులన్నీ గబగబా చెప్పేసి, ఆ ఒక్క మాట దగ్గర నెమ్మదించేది. చూస్తున్నాంలే అనేదాన్ని. నేనేం చూడలేదు.

ఆఫీసులో నా పని ఎక్కువగా చనిపోయినవాళ్లతోనే. గుర్తు తెలియని శవాల వేలిముద్రల కాగితాలు అన్ని వైపుల నుంచీ వచ్చేవి. వాటిని వరసగా పెట్టి, రకాలుగా విడదీసి, పాత రికార్డులతో పోల్చాలి. చాలావాటికి జవాబుండదు. ఒక వానాకాలం మధ్యాహ్నం, భోజనం చేసొచ్చి, నెలల నాటి కట్ట ఒకటి విప్పాను. మూడో కాగితం ఒక స్త్రీది. నలభై అయిదు, యాభై మధ్య వయసు. పలాస తర్వాతి స్టేషను సుమ్మాదేవి దగ్గర రైలు పట్టాల పక్కన దొరికింది. ఎవరూ రాకపోతే పూడ్చిపెట్టారు. జత చేసిన ఫొటో ఒకసారి చూసి బోర్లించాను. ముఖం మిగల్లేదు.

తొమ్మిది గడుల్లో మచ్చలు. చర్మం పాడైనందువల్ల ముద్రలు పడలేదని పక్కన రాశారు. ఆ మచ్చలు నాకు తెలుసు. చావు వల్ల పడినవి కావు, జీడి వల్ల పడినవి. ఎవరో మా పలాస మనిషి అనుకుని, అయ్యో అనుకుంటూనే ఎడమ చిటికెన వేలి గడి మీద భూతద్దం పెట్టాను.

లూపు. పదకొండు గీతలు. ఏటవాలు గాటు. రెండు దీవులు.

మళ్లీ లెక్కపెట్టాను. సంచిలోంచి అమ్మ కాగితం తీసి పక్కన పెట్టుకుని ఇంకోసారి లెక్కపెట్టాను. ఈసారి లెక్క తప్పింది. లేచి వెళ్లి మా సీనియర్ గారికి రెండు కాగితాలూ వివరాలు మూసి చూపించాను. ఆయన చాలాసేపు చూశారు.

"ఒకటే. అనుమానమే లేదు. ఎవరమ్మా ఈమె?"

నేను ఫోన్ దగ్గరికి వెళ్లాను. కొట్టువాళ్లు పిలుచుకొస్తామన్నారు. ఆ ఫోన్‌లో మా వీధి వినిపించింది, వాన, ఎవరిదో సైకిలు గంట. తర్వాత అమ్మ గొంతు.

"ఏటి పాపా, ఈ ఏళప్పుడు?"

అమ్మ తన మానాన తను చెప్పుకుపోతోంది, వానకి ఫ్యాక్టరీ మూసేశారని, రేకు కారుతోందని, బియ్యం తడిసిపోయాయని. నా ఎదురుగా కాగితం మీద ఆ గాటు అలాగే ఉంది. ఏ ఇద్దరికీ ఒకేలా ఉండవు. మరి సుమ్మాదేవి దగ్గర పూడ్చిపెట్టింది మా అమ్మనైతే, నాతో మాట్లాడుతున్నదెవరు? దేవుడు నన్ను క్షమించాలి, ఒక్క నిమిషం పాటు నేను ఆ గొంతుకి భయపడ్డాను. రేపొస్తున్నానని చెప్పి పెట్టేశాను.

మర్నాడు పాసింజరు ఎక్కాను. కోటబొమ్మాళి దాటాక వాన వెలిసింది. నౌపడ దగ్గర ఉప్పు మడుల్లో నీళ్లు నిండిపోయి, పని లేక మనుషులెవరూ లేరు. తాటాకులు కప్పిన ఉప్పు కుప్పలు నీళ్లలో ముసుగేసుకున్న ఆడవాళ్లలా వరసగా కూర్చున్నట్టున్నాయి. ఎప్పుడూ వచ్చే దారే, ఆ రోజు అటు చూడలేక కిటికీ మూసేశాను. పక్కావిడ గాలి రావట్లేదని గొణిగింది.

ఆదివారం కావడంతో అమ్మ ఇంట్లోనే ఉంది. గుమ్మంలో నన్ను చూసి లేచి ఎదురొచ్చింది. నేను ముందు ఆమె పాదాలు చూశాను. దయ్యాలకి పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయని చిన్నప్పుడు ఆ వీధి పిల్లలమంతా నమ్మేవాళ్లం. బాప్తిస్మం తీసుకున్నదాన్ని, సైన్సు చదివినదాన్ని, పట్టపగలు కన్నతల్లి పాదాలు చూశాను. అవి ముందుకే ఉన్నాయి. సిగ్గేసింది.

"అలగ సూత్తావేటి? రా, అన్నం తిందువుగాని."

అన్నం వద్దని, అమ్మ ఎడమ చేయి వెలుతురులోకి లాక్కుని, చిటికెన వేలి మీద భూతద్దం పెట్టాను. నల్లటి గట్టి చర్మం. గీత లేదు, గాటు లేదు. మిగతా తొమ్మిదింటిలాగే ఉంది. సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీసి చూపించాను.

"అమ్మా, ఈ ముద్ర ఎవరిది?"

అమ్మ దొరికిపోయిన చిన్నపిల్లలా నవ్వింది. "ఇన్నాళ్లకి తెలిసినాదేటి? ఒదినది. దాని సిటికిన ఏలు వంగదు కదే. సిన్నప్పుడు నూతి తాడులో పడి ఇరిగిపోనాది. అలగ బయటికే ఉంటాది, జీడి తగల్దు. నీకు సున్నా ఏత్తారని ఏడిసినావు. నేనే పిలిసి, నా పేరు మీద దాని ఏలు ఏయించినాను. పాపం, ఎంత మురిసిపోనాదో, మన పిల్ల సదువుకి పనికొచ్చినానని. తప్పేటి?"

నేను అక్కడే కూర్చున్నాను. అంతవరకూ నన్ను పట్టిన భయం మొత్తం ఒక్కసారిగా దిగిపోయింది. మా అమ్మ మా అమ్మే. ఆ సంతోషం ఎంతసేపు ఉందో చెప్పలేను గానీ, ఉంది. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

అమ్మ నా మొహంలోకి చూసింది. కాగితం వైపు చూసింది. ఆమె కళ్లు వెలిగాయి.

"దాని ఏలు పట్టుకుని ఎతికినావేటి? దొరికినాదా?"

చావు కబురు ఎలా చెప్పాలో మాకు ఒక పాఠం ఉంది. కూర్చోబెట్టాలి, తిన్నగా చెప్పాలి, వేరే మాటల వెనక దాక్కోకూడదు. నేను ఆ పాఠంలో మంచి మార్కులు తెచ్చుకున్నాను.

"దొరికిందమ్మా" అన్నాను.

"ఎక్కడున్నాది? నేనన్నానా, నీ సదువు ఊరికే పోదని! పద, ఇప్పుడే బస్సున్నాది" అని చీర చెంగుతో చేతులు తుడుచుకుంటూ లేచింది. చెప్పు తొడుక్కుంటుంటే భుజం పట్టుకుని ఆపాను. అప్పుడు చెప్పాను. సుమ్మాదేవి అని, రైలు పట్టాలని, పూడ్చిపెట్టి నెలలైందని. అన్న ఇంట్లో ఉందని మేము అనుకున్నాం, పలాసలో పని చేసుకుంటోందని ఆ అన్నగారు అనుకుని ఉంటాడు. ఆమె కోసం ఎవరూ ఎక్కడా అడగలేదు.

అమ్మ ఏడవలేదు. గుమ్మంలో, ఒక కాలికి చెప్పుతో అలాగే నిలబడిపోయింది. ఇన్నాళ్లూ చెప్పని మాట అప్పుడు చెప్పింది.

"నీ గురించే అన్నాది. శవాల ఏళ్లు అట్టుకునే ఉజ్జోగం, ఆ పిల్లని ఎవుడు సేసుకుంటాడొదినా, మానిపించీ అన్నాది. ఏదో బెంగ కొద్దీ అన్నాది. నాకు కోపమొచ్చినాది. ఇంకెప్పుడూ నీ మొగం నాకు సూపించకు అన్నాను. నెగిసి ఎల్లిపోనాది."

బయట వాన మళ్లీ మొదలైంది. అమ్మ నా చేయి పట్టుకుంది.

"పోలీసోళ్లు పోటో తీత్తారు కదా? నువ్వు సూసినావా?"

"చూశానమ్మా."

"నా మీద కోపంగా ఉన్నాదేటి?"

చూసింది తప్ప ఇంకేమీ రాయకూడదు, చెప్పకూడదు అన్నది నా ఉద్యోగం.

"లేదమ్మా" అన్నాను. "కోపంగా లేదు."